సెకనుకు ఏడు వందల నలభై

ఈ నోటు ఎవరికి సమర్పించాలో తెలియక అందరికీ సమర్పిస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను ఇలా చేయడం ఇదే మొదటిసారి. ఇంతవరకు నేను రాసిన ప్రతి నోటుకూ పైన ఒక నంబరు, కింద ఒక పై అధికారి సంతకం ఉండేవి. ఆ రెండూ సరిగ్గా ఉంటే మధ్యలో ఏం రాశామన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

నా పేరు అశ్వత్థనారాయణ. రాష్ట్ర జలాశయ రక్షక దళం వారి శిక్షణ కేంద్రంలో స్టోర్సు సెక్షన్ సూపరింటెండెంటుని. ఆనకట్టల మీద, గేట్ల దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా కాసే సిబ్బందిని మా కేంద్రమే తయారు చేస్తుంది. మా పరిధిలో నీళ్ళు లేని జలాశయాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటికీ కాపలా ఉంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేం కనుక కాపలా ముందే ఉండాలని ఉత్తర్వు.

పోయిన మార్చిలో మా దగ్గర ఫైరింగ్ పరీక్ష జరిగింది. మూడు వందల గజాల దూరంలో ఉన్న టార్గెట్‌ను పది తూటాలతో కొట్టాలి. ఆరు తగిలితే పాసు. మగవాళ్ళ స్క్వాడ్లు రెండూ ముందు కాల్చాయి, కొత్త పెట్టెలన్నీ వాళ్ళకే సరిపోయాయి. చివర్న వచ్చిన ఆడపిల్లల స్క్వాడుకు గోదాము మూలన ఉన్న, లాటు నంబరు ఇరవై ఏడు అని ముద్ర పడిన తూటా పెట్టెలు ఇచ్చాం. ఆ గోదాము కప్పు రెండు వానాకాలాలుగా కారుతోంది. కారుతోందని నేను పద్నాలుగు ఉత్తరాలు రాశాను. పద్నాలుగూ అందినట్టు రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కప్పు సంగతి తెలియదు గాని నా వరకు నేను తడవలేదు.

పద్దెనిమిది మంది ఆడపిల్లలూ ఫెయిలయ్యారు. గుళ్ళన్నీ టార్గెట్‌కు మూరెడు కింద మట్టిలో పడ్డాయి.

మా డైరెక్టరు పురందరరావు గారు ఏ సమస్యకైనా కారణం అక్కడికక్కడే కనిపెట్టగల మనిషి. "స్త్రీల చూపు సహజంగా కిందికి ఉంటుంది. అది మన సంస్కృతి. అందుకు మనమందరం గర్వపడాలి. అయితే గర్వపడినంత మాత్రాన ఉద్యోగం ఇవ్వలేం" అన్నారు. నెల రోజుల్లో ఇంకొక్కసారి పరీక్ష పెడతామనీ, అందులోనూ తప్పితే ఇళ్ళకు పంపేస్తామనీ నోటీసు బోర్డు మీద అంటించాం.

ఆ మర్నాడు నా బల్ల దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు ఆయుధాగారం చూసే హవల్దారు మస్తాన్‌వలి. రెండో మనిషి ఉలిగమ్మ అనే ట్రైనీ. ఆదోనిలో పత్తి మిల్లు పని మానేసి ఈ ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ప్రాక్టీసులో పదికి తొమ్మిది కొట్టేది. మగవాళ్ళ స్క్వాడ్లో కూడా అలా కొట్టినవాళ్ళు ఇద్దరే ఉన్నారు.

"నా గురి తప్పలేదు సార్. గుండే బలంగా పోలేదు. తుపాకిలోంచి బయటికొచ్చి పడిపోతాంది" అంది ఉలిగమ్మ.

"పాప చెప్పేది నిజమే సార్. మంచి తూటా ఢాం అంటాది. ఇవి దగ్గుతాండాయి" అన్నాడు మస్తాన్‌వలి. "నీళ్ళు తగిలి మందు చచ్చింది. ఒక్కోతూరి గుండు గొట్టంలోనే నిలబడిపోతాది. అది చూసుకోకుండా ఇంగోటి పేలిస్తే గొట్టం పగుల్తాది. ఇదో చూడండి." ఎడమ చెయ్యి నా ఫైళ్ళ మీద పెట్టాడు. దానికి మూడు వేళ్ళే ఉన్నాయి.

పాతికేళ్ళుగా ఆ చేతికి స్టోర్సు సామాను అందిస్తున్నాను గాని, మిగతా రెండు వేళ్ళు ఎలా పోయాయో ఎప్పుడూ అడగలేదు. నాకు కొంచెం సిగ్గనిపించింది.

"అంతా బాగానే ఉంది మస్తానూ. చెవికి దగ్గులా వినపడిందని ఫైల్లో ఎలా రాయను?" అన్నాను.

"అందుకే మిషను తెప్పించమంటాండా సార్. క్రోనోగ్రాఫ్ అంటారు. గుండు సెకనుకు ఎన్ని మీటర్లు పోతాందో అంకె చూపిస్తాది. అంకెనైతే మీరు రాసుకుంటారు గదా."

ఆ మాట నాకు నచ్చింది. ఆ పూటే నోటు పెట్టాను. మామూలుగా అయితే అలాంటి నోటు కిందికీ పైకీ తిరిగి పిల్లలు ఇళ్ళకు చేరాక మంజూరయ్యేది. కానీ ఆ వారమే డైరెక్టరు గారు రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళొచ్చారు. కొలవనిది ఏదీ లేనట్టే లెక్క అని అక్కడ ఎవరో చెప్పారట. వచ్చినప్పటి నుంచి కనపడినదల్లా కొలవమంటున్నారు. మెస్సులో సాంబారు చిక్కదనానికి ఒక రిజిస్టరు, సెల్యూట్ చేసేటప్పుడు మోచెయ్యి ఎత్తుకు ఇంకో రిజిస్టరు పెట్టించారు. నా నోటు చూడగానే పచ్చ సిరాతో 'అత్యవసరం' అని రాసి, క్రోనోగ్రాఫ్ ఎంపిక కమిటీ వేశారు.

కమిటీకి డైరెక్టరు గారు ఛైర్మన్. లా ఆఫీసరు, అకౌంట్స్ ఆఫీసరు, ఇంజనీరు, డాక్టరు సభ్యులు. నేను మెంబర్ కన్వీనర్ని, అంటే అందరూ మాట్లాడినది రాసేవాణ్ణి. మాలో తుపాకీ సంగతి తెలిసినవాడు మస్తాన్‌వలి ఒక్కడే కాబట్టి అతన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా వేశాం. ప్రత్యేక ఆహ్వానితుడికి టీ ఉంటుంది, కుర్చీ ఉండదు.

మొదటి సమావేశంలో లా ఆఫీసరు గారు మూలప్రశ్న లేవనెత్తారు. "మంచి యంత్రమంటే ఏది? సరైన అంకెను చూపేది. సరైన అంకె ఏది? ప్రభుత్వ రికార్డులో ఉన్నది. లాటు ఇరవై ఏడు పెట్టెల మీద ఏమని ముద్రించి ఉంది, కన్వీనర్ గారూ?"

"సెకనుకు ఏడు వందల నలభై మీటర్లు అని, సీలుతో సహా ఉంది సార్" అన్నాను.

"కావున, ఏ యంత్రం ఏడు వందల నలభై చూపునో, ఆ యంత్రమే ఎంపికకు అర్హమైనదిగా పరిగణించవలెను."

ఎవరూ కాదనలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ అందులో లోపం కనపడలేదు. వాక్యం అంత చక్కగా ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ మస్తాన్‌వలి మాత్రం టీ గ్లాసు కిటికీలో పెట్టి, "సార్, ఆ ఏడునూర్ల నలభై నిజమా కాదా అని కనుక్కునేదానికే గదా మిషను" అన్నాడు.

డైరెక్టరు గారికి కోపం రాలేదు. తెలియనివాడికి తెలియజెప్పడమంటే ఆయనకు ఇష్టం. "మస్తాన్‌వలీ, కొత్త త్రాసు కొన్నప్పుడు ఏం చేస్తాం? సర్కారు ముద్ర ఉన్న తూకపురాయి వేసి చూస్తాం. కిలో రాయికి త్రాసు ముప్పావు చూపిస్తే తప్పు రాయిదా, త్రాసుదా?"

"త్రాసుదే సార్" అన్నాడు మస్తాన్‌వలి.

"అంతే మరి" అన్నారు డైరెక్టరు గారు. మస్తాన్‌వలి కిటికీలోని టీ గ్లాసు మళ్ళీ తీసుకున్నాడు. రాయి వానకు తడవదని చెప్పాలని అతనికి సాయంత్రం గేటు దాటాక తోచిందట. అప్పటికి సమావేశం ముగిసినట్టు నేను రాసేశాను.

రెండో వారంలో మూడు కంపెనీల వాళ్ళు యంత్రాలు తీసుకుని ఫైరింగ్ రేంజికి వచ్చారు. మొదటిది రెండు కళ్ళ యంత్రం. తుపాకీకి మూడు మీటర్ల ముందు స్టాండు మీద పెడతారు. గుండు మొదటి కన్ను దాటగానే గడియారం మొదలవుతుంది, రెండో కన్ను దాటగానే ఆగుతుంది. మస్తాన్‌వలి లాటు ఇరవై ఏడు తూటా ఒకటి పేల్చాడు. యంత్రం ఐదు వందల ఎనభై ఎనిమిది చూపించింది. రెండోది పక్కన పెట్టే రాడార్ పెట్టె. అది ఐదు వందల తొంభై ఒకటి చూపింది. మూడోది తుపాకీ గొట్టానికే కట్టేది. దానికి ఐదు వందల ఎనభై ఆరు వచ్చింది.

ప్రతి అంకెకూ మస్తాన్‌వలి తల ఊపుతూనే ఉన్నాడు. కంచెకు అవతల నిలబడి చూస్తున్న ఉలిగమ్మ మూడో అంకె చూశాక తోటి పిల్లల వైపు తిరిగి నవ్వింది. ఇక తమ తప్పు లేదని తేలిపోయిందనుకుంది పాపం.

షామియానా కింద అకౌంట్స్ ఆఫీసరు గారు గొంతు తగ్గించి అన్నారు. "గమనించారా? మూడు వేర్వేరు కంపెనీలు, మూడు వేర్వేరు పద్ధతులు. అయినా ముగ్గురికీ ఇంచుమించు ఒకటే అంకె. వీళ్ళు ముందే మాట్లాడుకుని వచ్చారు."

"స్పష్టంగా కుమ్మక్కు" అన్నారు లా ఆఫీసరు గారు.

రెండు కళ్ళ యంత్రం తెచ్చిన కుర్ర ఇంజనీరు ఉండబట్టలేక, "సార్, మా యంత్రంలో దోషం లేదు, మీ తూటాలే పాడయ్యాయి. వీటితో పిల్లల చేత కాల్పించకండి" అన్నాడు. డైరెక్టరు గారు అతని వైపు తిరిగారు. "మీరు సరుకు అమ్మడానికి వచ్చారా, మమ్మల్ని తనిఖీ చెయ్యడానికి వచ్చారా?" అన్నారు. మూడు కంపెనీలనూ తిరస్కరిస్తూ, మూడింటికీ షోకాజు నోటీసులు ఇవ్వాలని తీర్మానించాం. ఆ తీర్మానం రాసింది నేనే.

నాలుగోవాడు పిలవకుండానే వచ్చాడు. పేరు ఫణీంద్ర. మా కేంద్రానికి అంతకుముందు బరువు తూచే యంత్రం సరఫరా చేసింది అతనే. అది వచ్చిన దగ్గర్నుంచి మా ట్రైనీల్లో బరువు తక్కువైనవాడు ఒక్కడూ లేడు. నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, యంత్రం గురించి ఒక్క ముక్క చెప్పకుండా, "సార్, ఎంత రావాలి?" అని అడిగాడు.

నేను ఏడు వందల నలభై అన్నాను. చీటీ మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజుల్లో యంత్రం తెచ్చాడు. పేరు వేగశ్రీ. మైలు దూరానికి కనపడేంత ఎర్ర అంకెలు, పైన దండ వెయ్యడానికి ఒక కొక్కెం. మస్తాన్‌వలి తూటా పేల్చాడు. అంకెలు గిర్రున తిరిగి ఏడు వందల నలభై దగ్గర ఆగాయి. కమిటీ చప్పట్లు కొట్టింది. ఇంకోటి పేల్చాడు, మళ్ళీ అంతే.

డాక్టరు గారు శాస్త్రీయ దృక్పథం కలవారు. వేరే రకంగా కూడా పరీక్షించి చూద్దామన్నారు. మస్తాన్‌వలి ఎవరినీ అడక్కుండా కాలి చెప్పు తీసి యంత్రం ముందు నుంచి విసిరాడు. ఏడు వందల నలభై. ఆ గడబిడకు బెదిరి, రేంజిలో గడ్డి మేస్తున్న మేక ఒకటి యంత్రం ముందు నుంచి పరిగెత్తింది. దానికీ ఏడు వందల నలభైయే వచ్చింది.

"మేకకు కూడానా?" అన్నారు డైరెక్టరు గారు.

"సార్, మా మిషను ఎవరు, ఏమిటి అని చూడదు సార్. దాని ముందు అందరూ సమానమే" అన్నాడు ఫణీంద్ర.

లా ఆఫీసరు గారు కదిలిపోయారు. "రాజ్యాంగ స్ఫూర్తి" అని మెల్లగా అన్నారు. అప్పుడు డైరెక్టరు గారు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, తానే యంత్రం ముందు నుంచి నడిచారు. అంకె చూసి, నమ్మకం కుదరక, మళ్ళీ అటునుంచి ఇటు నడిచారు. తిరిగొచ్చి కూర్చున్నాక, ఉదయపు నడక ఆరోగ్యానికి ఎంత మేలు చేస్తుందో మాకు పదినిమిషాలు చెప్పారు. 'ఛైర్మన్ గారి వేగం సెకనుకు 740 మీటర్లుగా నమోదైనది, సభ్యులు హర్షం వ్యక్తం చేసిరి' అని మినిట్స్‌లో రాశాను. అది ఇప్పటికీ ఉంది, కావలసినవారు చూసుకోవచ్చు.

ఇక లాటు ఇరవై ఏడును ధ్రువీకరించడం మిగిలింది. మొత్తం రెండు వందల పన్నెండు పెట్టెలు. ఒక్కొక్క తూటా పేలిస్తే స్టాకు అయిపోతుంది కనుక పెట్టెలనే యంత్రం ముందు నుంచి మోసుకుపోతే సరిపోతుందని ఇంజనీరు గారు సూచించారు. మోయడానికి ఆ పద్దెనిమిది మంది ఆడపిల్లలనే పెట్టాం. ఎర్రటి ఎండలో ఒక్కొక్కరూ పెట్టె భుజాన పెట్టుకుని యంత్రం దాటడం, అంకె వెలగడం, నేను చీటీ అంటించడం. చీటీ మీద 'వేగము పరీక్షింపబడినది, 740' అని, కింద నా సంతకం.

ఉలిగమ్మ పదకొండో పెట్టె దించుతూ, "సార్, పెట్టెలు కూడా ఏడునూర్ల నలభైయేనా? నేను కాళ్ళు ఈడ్చుకుంటా నిదానంగా వచ్చినా గదా" అంది.

"నడక నీది తల్లీ, అంకె గవర్నమెంటుది" అన్నాను. చుట్టుపక్కల గుమాస్తాలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఆ రోజు ఆ మాట అన్నందుకు నాకేమీ అనిపించలేదు గాని, ఇప్పుడు రాస్తుంటే బాధగా ఉంది.

రెండో పరీక్ష రోజు వచ్చింది. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. తొలి గుండు డైరెక్టరు గారు పేలుస్తారు. ఆయనకు వేరే డబ్బాలోంచి మంచి తూటా ఇస్తారు. టార్గెట్ల వెనక గుంతలో కూర్చుని, గుండు ఎక్కడ తగిలిందో జెండాతో చూపించేవాళ్ళు, ఆయన గుండు ఏ కొండకు తగిలినా సరే నడిబొడ్డున తగిలిందన్న జెండా ఊపుతారు. ఇరవై ఏళ్ళుగా ఏ డైరెక్టరు గురీ తప్పలేదు. ఆ రోజు గుంతలోవాళ్ళకు ఎండ దెబ్బకు తొందరెక్కువై, ఆయన తుపాకీ చేతికి తీసుకోకముందే ఊపేశారు. ఆయన హుందాగా తల ఊపి, తుపాకీ పక్కకిచ్చి, కుర్చీలో కూర్చున్నారు.

పిల్లల్లో మొదటి పేరు ఉలిగమ్మది. నేల మీద పడుకుని, తుపాకీ భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కింది. ఢాం అనలేదు. టుప్పుమంది. తడిసిన దీపావళి టపాకాయ అలాగే అంటుంది. తుపాకీ భుజాన్ని తన్నలేదు. అవతల జెండా లేవలేదు. వేగశ్రీ మాత్రం ఏడు వందల నలభై అని వెలిగింది.

ఉలిగమ్మ చెయ్యెత్తింది. "సార్, గుండు బయటికి పోలేదు."

మైకులో డైరెక్టరు గారి గొంతు వినపడింది. "యంత్రం చూడు. గుండు నిర్దేశిత వేగంతో నిష్క్రమించింది. రెండో గుండు కాల్చు."

మస్తాన్‌వలి అప్పటికే పరిగెత్తాడు. ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "పాపా, ఇంగోటి పెట్టద్దు. చెప్తాండా, పెట్టద్దు" అంటున్నాడు. మూడు వేళ్ళ చెయ్యి తుపాకీ మీద అడ్డం పెట్టాడు.

"ఆజ్ఞను ధిక్కరిస్తే ఈ క్షణమే డిశ్చార్జి" అన్నారు డైరెక్టరు గారు. లా ఆఫీసరు గారి దగ్గర ఆ ఉత్తర్వులు పద్దెనిమిదీ ముందే టైపు చేసి ఉన్నాయి. పేర్లు కూడా రాసి ఉన్నాయి. అందులో మొదటిది తీసి మోకాలి మీద పెట్టుకుని, కలం మూత తీశారు.

ఉలిగమ్మ లేచింది. యూనిఫాం మీది మట్టి దులుపుకుంది. తుపాకీ గొట్టం ఆకాశం వైపు పట్టుకుని షామియానా దాకా నడిచొచ్చి, తుపాకీని, దాని మీద రెండో తూటాని, రెండు చేతులా డైరెక్టరు గారి ముందు పట్టింది.

"మీరే కాల్చండి సార్. మీ గుండు ఎప్పుడూ తప్పిపోదు గదా" అంది.

వెటకారం ఏమాత్రం లేకుండా అడిగింది. డైరెక్టరు గారు తుపాకీ వైపు చూశారు. ఎర్రటి అంకె వైపు చూశారు. మస్తాన్‌వలి చేతివైపు చూశారు. తరవాత, "పరీక్షించే అధికారి పరీక్షలో పాల్గొనరాదు. ఇది ప్రాథమిక సూత్రం. లా ఆఫీసరు గారు కాలుస్తారు" అని తుపాకీని ఎడమ పక్కకు అందించారు.

లా ఆఫీసరు గారు దాన్ని వేలి కొసలతో పట్టుకున్నారు. "నేను సాక్షిగా ఉండవలసినవాణ్ణి. చర్యకు కర్తగా ఉంటే సాక్ష్యం చెల్లదు" అని పక్కకిచ్చారు. అకౌంట్స్ ఆఫీసరు గారు ఆడిట్ అభ్యంతరం వస్తుందన్నారు. ఇంజనీరు గారు తన విభాగం సివిల్ పనులకే పరిమితమన్నారు. డాక్టరు గారి చేతికి వచ్చింది. ఆయన కంగారులో, "గాయపడినవాళ్ళను చూడాల్సింది నేను. నాకే గాయమైతే చూసేవాళ్ళు ఉండరు" అనేశారు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"గాయం ఎందుకవుతుంది?" అన్నారు డైరెక్టరు గారు.

"కాదు సార్. ఒకవేళ అయితేనని" అని డాక్టరు గారు తుపాకీని నా ఒళ్ళో పెట్టారు.

నా తరవాత కుర్చీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాకు నోటికొచ్చిన నిబంధనల్లో ఒక్కటీ ఆ సమయానికి గుర్తుకు రాలేదు. ఒళ్ళో బరువుగా తుపాకీ, ఎదురుగా నిలబడ్డ పిల్ల. భయమేసింది. ఆ పిల్లకు కూడా ఇంతే భయం వేసి ఉంటుందని అప్పుడు తట్టింది.

"ఒక్కసారి గొట్టంలో సలాక పెట్టి చూద్దాం సార్" అన్నాను.

మస్తాన్‌వలి సలాక తెచ్చి దూర్చాడు. జానెడు లోపలికి పోయి ఆగిపోయింది. సలాకను సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాక, గుండు వచ్చి అతని అరచేతిలో పడింది. దాన్ని తెచ్చి టీ పళ్ళెంలో పెట్టాడు.

కమిటీ చాలాసేపు దాన్ని చూసింది. "యంత్రం ప్రకారం గుండు నిష్క్రమించింది. కావున ఇది ఆ గుండు కాదు" అన్నారు లా ఆఫీసరు గారు. "అయితే స్టాకులో ఒక గుండు ఎక్కువ వచ్చినట్టు చూపించాలి" అన్నారు అకౌంట్స్ ఆఫీసరు గారు. ఆ గుండు ఎవరిదన్న దాని మీద చర్చ నడిచింది గాని, ఎవరూ ఉలిగమ్మతో మళ్ళీ కాల్చమనలేదు. కాల్చమంటే చెయ్యి పోతుందని అందరికీ తెలిసిపోయింది. వద్దంటే యంత్రం తప్పవుతుంది, యంత్రం తప్పయితే దాన్ని ఎంపిక చేసిన ఆరుగురి సంతకాలూ తప్పవుతాయి. టీ విరామం ప్రకటించారు.

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ఆ రోజు అది నా జీవితంలోకెల్లా గొప్ప ఉపాయమనుకున్నాను. షామియానా కిందే మోకాలి మీద కాగితం పెట్టుకుని నోటు రాశాను.

'లాటు 27 యంత్రముచే ధ్రువీకరింపబడిన మేలురకపు మందుగుండు. ఇంత విలువైన సరుకును శిక్షణలో ఉన్నవారిపై వృథా చేయుట భావ్యము కాదు. కావున ట్రైనీలకు ధ్రువీకరణ లేని మామూలు తూటాలతో పరీక్ష నిర్వహించి, ధ్రువీకరించిన తూటాలను క్షేత్రస్థాయి విధులకు కేటాయించవలసినదిగా ప్రార్థన.'

డైరెక్టరు గారు రెండుసార్లు చదివారు. ఆయన ముఖం విప్పారింది. "అశ్వత్థనారాయణా, పరిపాలన అంటే ఇదయ్యా" అన్నారు. ఆరుగురమూ సంతకాలు చేశాం. ఉలిగమ్మ డిశ్చార్జి కాగితాన్ని లా ఆఫీసరు గారు మడిచి, కదులుతున్న బల్ల కాలి కింద పెట్టారు.

వారం తిరక్కుండా పక్క కేంద్రం నుంచి ఏ ధ్రువీకరణా లేని కొత్త తూటాలు వచ్చాయి. ఢాం ఢాం అని కొండ అదిరింది. పద్దెనిమిది మందీ పాసయ్యారు. ఉలిగమ్మ పదికి పది కొట్టింది. వేగశ్రీ ప్రతి గుండుకూ ఏడు వందల నలభై చూపించింది. ఆ ఒక్కరోజూ అది చెప్పింది కూడా నిజమే అయ్యుండాలి.

పోస్టింగుకు వెళ్ళేముందు ఉలిగమ్మ ఒక పొట్లం పాలకోవా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మీరు రాయకపోతే ఇంటికి పోయేటోళ్ళం సార్" అంది. మస్తాన్‌వలి మాత్రం కోవా నోట్లో వేసుకుని, "మరి ఆ పెట్టెలు యాడికి పోతాండాయి సార్?" అని అడిగాడు. "డిస్పాచ్ వాళ్ళు చూసుకుంటారులే" అన్నాను. ఆ తరవాత మూడు నెలలు, నా తెలివికి నేనే మురిసిపోతూ తిరిగాను. మా ఆవిడకు ఈ కథ నాలుగుసార్లు చెప్పాను.

నిన్న మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది.

"సార్, నేను ఉలిగమ్మను. ఎర్రబండ రిజర్వాయరు నుంచి మాట్లాడతాండా."

"బాగున్నావా అమ్మా?" అన్నాను.

"బాగుండా సార్. మాకు తూటాలు వచ్చినాయి. కొత్తగా చేరినోళ్ళకు ధ్రువీకరించిన మంచి సరుకే ఇయ్యాలని పైనుంచి చెప్పినారంట. పెట్టెలు చూస్తే నేను మోసినవే. లాటు ఇరవై ఏడు. సోమవారం ప్రాక్టీసు పెట్టినారు సార్. ఈడ మేం ఆరుగురం ఉండాం, మన స్క్వాడువాళ్ళమే. ఇవి చచ్చిన తూటాలని మా సారుకు చెప్తే, పెట్టె మీది చీటీ చూపించినాడు. ఆ సంతకం మీదే గదా సార్?"

"నాదే" అన్నాను.

"పేల్చమంటారా?"

"వద్దమ్మా. ముట్టుకోవద్దు."

"అయితే ఆ ముక్క రాసియ్యండి సార్. మా సారు నోటిమాట వినడు. కాగితముంటే వింటాడు."

సాయంత్రం లా ఆఫీసరు గారి గదికి వెళ్ళాను. ఆయన ఓపికగా విన్నారు. పేల్చవద్దని రాస్తే యంత్రం తప్పని రాసినట్టేననీ, యంత్రం సరైనదని మినిట్స్‌లో ఉందనీ, ఆ మినిట్స్ రాసింది నేనేననీ గుర్తుచేశారు. డైరెక్టరు గారు ఊళ్ళో లేరు. కొలతల మీద ఉపన్యసించడానికి రాజధానికి వెళ్ళారు. వేగశ్రీని మిగతా తొమ్మిది కేంద్రాలకూ తెప్పిస్తున్నారు. ఫైలు నంబరు ఇమ్మని సెక్షన్‌లో అడిగితే, ఏ సబ్జెక్టు కింద ఇవ్వాలన్నారు. నాకు తెలియలేదు.

ఈ రోజు శనివారం. ఆదివారం తపాలా ఉండదు. రేపు పొద్దున ఎర్రబండకు ఏడున్నరకు బస్సు ఉంది, మస్తాన్‌వలి కూడా వస్తానన్నాడు. ఆ పిల్ల అడిగిన ఒక్క ముక్క రాద్దామని కూర్చున్నాను. అలవాటు పోక, పూర్వాపరాలు రాయకుండా అసలు సంగతికి రాలేక, ఇంత పొడుగు రాశాను. చదివేవారికి అంత తీరిక లేకపోతే కింది వాక్యం ఒక్కటీ చదివితే చాలు.

లాటు ఇరవై ఏడు తూటాలు చచ్చినవి, వాటిని ఎక్కడా ఎవరూ పేల్చవద్దు.

దీనికి నంబరు లేదు. సంతకం మాత్రం పెట్టెల మీద ఉన్నదే, పోల్చి చూసుకోవచ్చు.